అంకెల తారుమారు: తిరగేసి కూడితే పుట్టే సంఖ్యల అనుక్రమాలు

ఒక పూర్ణ సంఖ్యలోని అంకెల స్థానాలు మార్చి, వచ్చిన కొత్త సంఖ్యను పాతదానికి కూడటమో, అందులోంచి తీసివేయడమో చేసి, ఆ ఫలితం మీద మళ్లీ అదే పని చేస్తూ పోతే ఒక వరస తయారవుతుంది. అంకెల తారుమారుతో పుట్టే అనుక్రమాలంటే ఇవే. వీటిలో పేరుపడ్డ దారులు రెండు. ఒకటి, సంఖ్యను తిరగేసి కూడటం. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్య వచ్చేదాకా ఇది సాగుతుంది. రెండోది, అంకెలను పెద్దవాటి నుంచి చిన్నవాటికి ఒకసారి, చిన్నవాటి నుంచి పెద్దవాటికి ఒకసారి పేర్చి తీసివేయడం.

ఎటు చదివినా ఒకేలా ఉండే సంఖ్యను పాలిండ్రోమ్ సంఖ్య అంటారు. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. తెనాలి రామకృష్ణుడి బిరుదు ‘వికటకవి’ని వెనకనుంచి చదివినా వికటకవే. క, ట, ప, య అక్షరాలకు ఒకటి విలువ ఇచ్చే కటపయాది పద్ధతిలో ఆ మాటను అంకెల్లోకి మారిస్తే 41114 వస్తుంది. ఆ పద్ధతిలో అంకెలను కుడినుంచి ఎడమకు పేర్చాలని నియమం. ఈ మాట విషయంలో ఆ నియమం పాటించినా మానినా తేడా లేదు.

లష్కర్ లెక్కలు

ఈ విషయం నేర్చుకోవడానికి సికింద్రాబాద్ మంచి చోటు. మూడో నిజాం సికందర్ జా పేరుతో 1806లో ఏర్పడిన ఈ కంటోన్మెంటు ఊరిని ఇప్పటికీ లష్కర్ అనేవాళ్లున్నారు. ఆ 1806ను తిరగేస్తే 6081. రెండూ కూడితే 7887. ఒక్క మెట్టులో పాలిండ్రోమ్. వాడి నుంచి నిజాం రైలు సికింద్రాబాద్ చేరింది 1874లో. దాన్ని తిరగేసి కూడితే 1874 + 4781 = 6655. మళ్లీ 6655 + 5566 = 12221. రెండు మెట్లు.

1972 ఆగస్టు 15న దేశంలో పిన్ కోడ్ మొదలయింది. సికింద్రాబాద్ హెడ్ పోస్టాఫీసుకు 500003 దక్కింది. 500003 + 300005 = 800008. బోయినపల్లి 500011 కూడా ఒక్క మెట్టులోనే 610016 అవుతుంది. సైనిక్‌పురి 500094 అయితే 990099. వెస్ట్ మారేడుపల్లి 500026కు మాత్రం రెండు మెట్లు కావాలి. ముందు 1120031, తర్వాత 2420242. మల్కాజిగిరి 500047 కూడా అంతే: 1240052, ఆపైన 3740473.

ఇందులో మాయ లేదు. సంఖ్యను తిరగేసి కూడేటప్పుడు మొదటి అంకె చివరి అంకెతో, రెండోది చివరినుంచి రెండోదానితో జత కడతాయి. ఈ జతల మొత్తాలు రెండు వైపులా ఒకటే. ఏ జతా పది చేరకపోతే, అంటే చేతిలో ఒకటి మిగలకపోతే, ఫలితం పాలిండ్రోమ్ కాక తప్పదు. జంటనగరాల పిన్ కోడ్‌లలో 5000తో మొదలయ్యేవాటికి చివరి అంకె 4 దాటకపోతే 5తో కలిసి పది కాదు. అందుకే అవి ఒక్క మెట్టులో తెమిలిపోతాయి. చివరి అంకె 5 అంతకంటే ఎక్కువయితే మొదటి కూడికలో ఒకటి మిగిలి పక్కకు వెళ్తుంది, సమతూకం చెడుతుంది. కానీ నడుమ సున్నాలు ఉండటంతో, చివరి రెండంకెల మొత్తం 13 దాటనంతవరకు రెండో మెట్టు దాన్ని సరిచేస్తుంది. 500049 సరిగ్గా ఆ గట్టు మీద ఉంది: 1440054, తర్వాత 5940495. 500068 గట్టు దాటింది. రెండు మెట్లకు 5060704 దాకా వచ్చి, ఇంకా దారి వెతుక్కుంటూ పోతుంది.

నిజంగా చిక్కు పెట్టేవి రైలు నంబర్లు. 2010 డిసెంబరు 20 నుంచి మన రైళ్లకు అయిదంకెల నంబర్లు వచ్చాయి. అప్పుడు హైదరాబాద్ నుంచి సికింద్రాబాద్ మీదుగా నిజాముద్దీన్ వెళ్లే దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌కు పడిన నంబరు 12721. అది పుట్టుకతోనే పాలిండ్రోమ్. వికటకవిదీ ఇదే అచ్చు: మొదలూ చివరా ఒకటి, వాటి లోపలివి ఒకటి, నడుమన వేరొకటి.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ సంగతి ఇంకా తమాషా. ఒకప్పుడు ఏపీ ఎక్స్‌ప్రెస్ అన్నది దీన్నే. ఢిల్లీ వెళ్లేటప్పుడు 12723, వచ్చేటప్పుడు 12724. వెళ్లే నంబరుతో మొదలుపెడితే 12723 + 32721 = 45444, దానికి 44454 కలిపితే 89898. రెండు మెట్లలో పని అయిపోయింది. ఒక్కటంటే ఒక్కటి పెరిగిన తిరుగు నంబరు ఇలా నడుస్తుంది: 12724, 55445, 109900, 119801, 228712, 446534, 882178, 1753466, 8397037, 15704975, 73645726, 136400363, 499404994. పన్నెండు మెట్లు. పక్కపక్క సంఖ్యలకు పోలిక ఉండాలన్న నియమం ఈ లెక్కలో లేదు. విశాఖ నుంచి వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్ 12727 తొమ్మిది మెట్లెక్కి 87255278 దగ్గర ఆగుతుంది.

పెన్సిలుతో చేసేవాళ్లకు ఒక జాగ్రత్త చెప్పాలి. మూడో మెట్టులో 109900ను తిరగేస్తే 009901. ముందున్న సున్నాలను వదిలి 9901గానే కూడాలి, స్థానాలు మాత్రం జరపకూడదు. ఎక్కువమంది తప్పేది అక్కడే.

196 అనే అడ్డుగోడ

రెండంకెల సంఖ్యలన్నీ ఏదో ఒక మెట్టులో పాలిండ్రోమ్‌గా తేలతాయి. వాటిలో మొండివి 89, దాని తిరగేసిన రూపం 98. 89కి 24 మెట్లు పట్టి చివరకు 8813200023188 వస్తుంది. పదివేల లోపు సంఖ్యల్లో దాదాపు 80 శాతం నాలుగు మెట్లలోపే తెమిలిపోతాయి. దాన్నిబట్టి అన్ని సంఖ్యలూ ఎప్పుడో ఒకప్పుడు ఒడ్డున పడతాయని అనుకోవడం సహజం. 196 దగ్గర ఆ నమ్మకం ఆగిపోయింది.

196తో మొదలుపెడితే 887, 1675, 7436, 13783, 52514, 94039, 187088, 1067869 అంటూ వరస సాగుతుంది. ఎక్కడా పాలిండ్రోమ్ తగలదు. అమెరికన్ ప్రోగ్రామర్ జాన్ వాకర్ 1987లో ఒక కంప్యూటర్‌కు ఈ పని అప్పజెప్పాడు. మూడేళ్లు నడిచి, 1990 మేలో సంఖ్య పది లక్షల అంకెలకు చేరేసరికి 24 లక్షల పైచిలుకు మెట్లయ్యాయి. 1995లో టిమ్ ఇర్విన్ దాన్ని ఇరవై లక్షల అంకెలకు తీసుకెళ్లాడు. 2015లో రొమెయిన్ డోల్‌బో వంద కోట్ల అంకెలు దాటించాడు. పాలిండ్రోమ్ రాలేదు.

ఇలా ఎప్పటికీ తేలవని అనుమానమున్న సంఖ్యలను లైక్రెల్ సంఖ్యలు అంటారు. ఈ పేరు పెట్టిన వేడ్ వాన్ లాండింగ్‌హామ్ తన స్నేహితురాలు షెరిల్ పేరులోని అక్షరాలను తారుమారు చేసి దాన్ని తయారుచేశాడు. తారుమారు సంఖ్యలకు తారుమారు పేరు, సరిపోయింది. వెయ్యి లోపు ఇలాంటి అనుమానితులు పదమూడు: 196, 295, 394, 493, 592, 689, 691, 788, 790, 879, 887, 978, 986. వీటిలో ఒక్కదానికైనా ‘ఇది ఎన్నటికీ పాలిండ్రోమ్ కాదు’ అన్న రుజువు లేదు. వంద కోట్ల అంకెలదాకా రాకపోవడం సాక్ష్యమే గాని రుజువు కాదు. ఈ తేడాను పిల్లలకు చెప్పడానికి 196ను మించిన ఉదాహరణ నాకు తట్టదు.

తేలడానికి ఆలస్యం చేసేవి వేరే జాతి. 2005లో జేసన్ డూసెట్ పట్టుకున్న 1186060307891929990 అనే సంఖ్య 261 మెట్లెక్కాక 119 అంకెల పాలిండ్రోమ్‌గా తేలింది. ఆ రికార్డు తర్వాత చెరిగిపోయింది. అంటే 196 కూడా ఎక్కడో చాలా దూరంలో ఒడ్డెక్కవచ్చునన్న ఆశకు తావుందన్నమాట. అయితే అంకెలు పెరిగేకొద్దీ అన్ని జతలూ ఒకేసారి పది లోపు ఉండే అవకాశం వేగంగా తగ్గిపోతుంది. గణితజ్ఞుల్లో ఎక్కువమంది 196 తేలదనే పక్షం వహించడానికి కారణం అదే.

పదులలో రుజువు కానిది రెండులలో అయింది. ఒకటి, సున్నా మాత్రమే వాడే ద్విసంఖ్యా పద్ధతిలో 22ను 10110 అని రాస్తారు. దాన్ని తిరగేసి నాలుగుసార్లు కూడితే 10110100 వస్తుంది. మరో నాలుగు మెట్లకు 1011101000, ఇంకో నాలుగింటికి 101111010000. ప్రతి నాలుగు మెట్లకూ నడుమ ఒక ఒకటి, చివర ఒక సున్నా చేరి అదే ఆకారం తిరిగొస్తుంది. ఆ చక్రంలో ఎక్కడా పాలిండ్రోమ్‌కు చోటు లేదని తేలిగ్గానే చూపవచ్చు. 196 నడకలో ఇంతవరకు అలాంటి ఆకారం ఎవరికీ చిక్కలేదు.

పాలిండ్రోములను కూడటం గురించి మరో ప్రశ్న ఉంది. ఏ సంఖ్యనైనా కొన్ని పాలిండ్రోముల మొత్తంగా రాయగలమా? ఎన్ని కావాలి? మూడు చాలునని సిల్లెరుయెలో, లూకా, బాక్‌స్టర్ అనే ముగ్గురు రుజువు చేశారు. వాళ్ల పత్రం 2016లో వెలువడి, 2018లో పత్రికలో అచ్చయింది. సికింద్రాబాద్ పిన్ కోడ్‌కు మూడు కూడా అక్కర్లేదు. 499994 + 9 = 500003. తెలంగాణ ఏర్పడిన 2014కు మూడింటితో ఒక దారి: 1991 + 22 + 1.

తీసివేత దారి: దేవలాలీ మాస్టారు

కూడికలో దారి తప్పిన సంఖ్యలు తీసివేతలో బుద్ధిగా ఒకచోటికి చేరతాయి. దీన్ని కనిపెట్టింది నాసిక్ పక్కన దేవలాలీలో బడిపంతులుగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. 1905లో దహానులో పుట్టాడు, 1986లో పోయాడు. నాలుగంకెల సంఖ్య ఏదైనా సరే, అన్నీ ఒకే అంకె కాకుండా ఉంటే చాలు. దాని అంకెలను పెద్దదిగానూ చిన్నదిగానూ పేర్చి తీసివేస్తూ పోతే ఏడు మెట్లలోపు 6174 వచ్చి తీరుతుంది. తర్వాత అది కదలదు. 7641లోంచి 1467 తీసేస్తే మళ్లీ 6174. ఈ సంగతిని ఆయన 1949లో మద్రాసులో జరిగిన గణిత సమావేశంలో చెప్పాడు.

సికింద్రాబాద్ పుట్టిన సంవత్సరాన్ని ఇందులో పెడితే ఏమవుతుంది?

8610 − 0168 = 8442
8442 − 2448 = 5994
9954 − 4599 = 5355
5553 − 3555 = 1998
9981 − 1899 = 8082
8820 − 0288 = 8532
8532 − 2358 = 6174

సరిగ్గా ఏడు. అంతకు మించి ఏ సంఖ్యకూ పట్టదు. కూడికలో ఒక్క అంగలో చేరిన 1806కు తీసివేతలో ఉన్న దూరమంతా నడవాల్సి వచ్చింది. రైలొచ్చిన 1874కు ఆరు మెట్లు చాలు: 7263, 5265, 3996, 6264, 4176, 6174.

ప్రతి మెట్టులోనూ వచ్చేది తొమ్మిది ఎక్కమే. ఒకే అంకెలను ఎలా పేర్చినా వాటి మొత్తం మారదు కాబట్టి, రెండు పేర్పుల తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుంది. 6174 అంటే తొమ్మిది ఆరువందల ఎనభై ఆర్లు. ఆ 686 మళ్లీ పాలిండ్రోమ్. దీనికి లోతైన కారణమేమీ లేదు, చూసి ముచ్చటపడి వదిలేయాలి.

మూడంకెలకు ఇలాంటి గమ్యం 495. అయిదంకెలకు గమ్యమే లేదు, చక్రాలున్నాయి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ నంబరు 12723తో మొదలుపెడితే 60984, 93951, 85932 దాటి 74943 చేరుతుంది. అక్కడినుంచి 62964, 71973, 83952, మళ్లీ 74943. నాలుగు స్టేషన్ల గుండ్రటి లైను మీద ఆ బండి ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది.

కాప్రేకర్‌కు రైళ్లతో మరో చుట్టరికం ఉంది. బొంబాయికి ముప్ఫై మైళ్ల దూరంలో డెమ్లో అనే స్టేషన్ ఉండేది. ఇప్పటి డోంబివలీ అదే. అక్కడ తనకు తట్టిన సంఖ్యలకు ఆయన డెమ్లో సంఖ్యలని పేరుపెట్టాడు. వాటిలో అందమైనవి ఒకట్ల వర్గాలు: 121, 12321, 1234321. ఆరు ఒకట్లు రాసి వర్గం చేస్తే 12345654321.

కంఠాభరణం

ఈ చివరి సంఖ్య కాప్రేకర్ కంటే వెయ్యేళ్ల ముందే మన దేశంలో గ్రంథస్థమయింది. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, సుమారు 850లో, మహావీరాచార్యుడు సంస్కృతంలో ‘గణితసారసంగ్రహం’ రాశాడు. గుణకారం చెప్పేచోట ఆయనకు ఒక సరదా ఉంది. జవాబు హారంలా ఉండే లెక్కలు ఇస్తాడు. 139ను 109తో గుణిస్తే 15151. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు. 14287143ను 7తో గుణిస్తే 100010001. 27994681ను 441తో గుణిస్తే 12345654321. ఒకటితో మొదలై ఆరుదాకా ఎక్కి, అదే వరసలో దిగే సంఖ్య అని వర్ణించి మరీ చెప్పాడు. ఇలాంటి జవాబులను ఆయన రాజులు మెడలో వేసుకోదగ్గ కంఠాభరణాలన్నాడు. హారానికి రెండు కొసలూ ఒకేలా ఉండాలి కదా, ఆ పోలికలోనే పాలిండ్రోమ్ నిర్వచనం ఇమిడిపోయింది.

ఈ లెక్క వెనక చేయి ఎలా ఆడిందో చూడవచ్చు. 441 అంటే 21 వర్గం. 27994681 అంటే 5291 వర్గం. 5291ను 21తో గుణిస్తే ఆరు ఒకట్లు. అంటే ఆయన ముందు హారాన్ని చేత పట్టుకుని, తర్వాత దాన్ని రెండు ముక్కలుగా విడగొట్టి విద్యార్థి ముందు పెట్టాడు. ప్రశ్న నుంచి జవాబుకు కాక, జవాబు నుంచి ప్రశ్నకు నడిచే ఈ పద్ధతి లెక్కల మాస్టార్లందరికీ తెలిసిందే.

ఈ గ్రంథం తెలుగులోకి వచ్చింది పావులూరి మల్లన చేతిలో. సాహిత్య చరిత్రకారులు ఆయనను 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి కాలంవాడని చెబుతారు. అంటే నన్నయకు సమకాలికుడు. ఆయన ‘సారసంగ్రహ గణితం’ తెలుగులో మొదటి గణిత గ్రంథం. జైనుడైన మహావీరుడి ఉదాహరణల స్థానంలో శైవుడైన మల్లన తన మతానికి తగినవి పెట్టుకున్నాడు. తెలుగు భారతంతోపాటే తెలుగు గణితమూ పుట్టిందన్న సంగతి మన బళ్లలో చెప్పేవాళ్లు తక్కువ. మద్రాసులో రంగాచార్య 1912లో మహావీరుడి మూలాన్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాక బయటి ప్రపంచానికి ఈ హారాల సంగతి తెలిసింది.

అనుక్రమాల భండారం, హార్డీ విసుగు

ఈ వరసలన్నిటికీ ఇప్పుడు ఒక చిరునామా ఉంది. నీల్ స్లోన్ 1964లో విద్యార్థిగా ఉండగా అనుక్రమాలను కార్డుల మీద రాసుకోవడం మొదలుపెట్టాడు. 1973లో 2,372 అనుక్రమాలతో పుస్తకం వేశాడు. 1996లో అది ఇంటర్నెట్‌కెక్కింది. ఇప్పుడు అందులో మూడున్నర లక్షలకు పైగా అనుక్రమాలున్నాయి. ప్రతిదానికీ ఇంగ్లీషు ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే ఆరంకెల సంఖ్య ఉంటుంది. పాలిండ్రోములది ఏ002113, 196 నడక ఏ006960, లైక్రెల్ అనుమానితులది ఏ023108. ఇంట్లో లెక్క చేసి నాలుగైదు పదాలు అక్కడ వెతికితే, అదే వరస ఇంతకుముందు ఎవరికైనా తట్టిందేమో నిమిషంలో తెలుస్తుంది.

పెద్ద గణితజ్ఞులందరూ వీటిని ఆదరించలేదు. రామానుజన్‌ను లోకానికి చూపిన హార్డీ 1940లో రాసిన పుస్తకంలో 8712, 9801 ప్రస్తావన ఉంది. నాలుగంకెల్లో తమ తిరగేసిన రూపానికి గుణిజాలుగా ఉండేవి ఈ రెండే: 2178ని నాలుగుతో, 1089ని తొమ్మిదితో గుణిస్తే అవి వస్తాయి. పత్రికల పజిళ్లకు పనికొస్తాయి గాని గణితజ్ఞుడి మనసుకు పట్టవని ఆయన తేల్చాడు. ఆయన మాటలో సగం నిజముంది. ఈ లక్షణాలు సంఖ్యవి కావు, మనం పది వేళ్లతో లెక్కించడం వల్ల దానికి అంటుకున్నవి. ఎనిమిదులలో లెక్కిస్తే 6174 మామూలు సంఖ్య. కానీ ద్విసంఖ్యా పద్ధతిలో 22కు దొరికిన రుజువు, మూడు పాలిండ్రోముల సిద్ధాంతం ఆ తీర్పు తర్వాత వచ్చినవే. పైగా హార్డీ టాక్సీ కథతో పేరుకెక్కిన 1729 కూడా ఈ ఆటకు దూరం కాదు. దాని అంకెల మొత్తం 19, తిరగేస్తే 91. రెంటినీ గుణిస్తే 1729.

మీ ఇంటి పిన్ కోడ్‌ను తిరగేసి కూడి చూడండి. 5000తో మొదలయ్యేదైతే తెల్లకాగితం అంచు చాలు. బండి నంబరైతే పేజీ కావాలి. పాతిక మెట్లయినా తేలకపోతే, మధ్యలో 196 వరసలోని సంఖ్య ఏదైనా తగిలిందేమో ముందు చూసుకోండి. తగిలితే పెన్సిలు పక్కన పెట్టేయవచ్చు.